పాట ఎక్కడ ఆపాలి? కర్నూలు నుంచి కడప దాకా ఒక వేలం యాత్ర

రాయలసీమలో వేలంపాట తెలియని ఇల్లు ఉండదు. వినాయకుడి లడ్డూకి పాట. ఊరుమ్మడి చింతచెట్లకి పాట. చెరువులో చేపలకి పాట. నెలనెలా చీటీకి పాట. ‘మూడోసారి’ అనేలోపు చెయ్యెత్తాలా వద్దా అన్న టెన్షన్ మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

అందుకేనేమో, ఐపీఎల్ వేలం వచ్చిందంటే మ్యాచ్ కంటే ఎక్కువ ఆత్రంగా చూస్తాం. మా బ్యాచ్ ఇంకో అడుగు ముందుకేసింది. పదిమందిమి, తలా ఒక టీమ్, తలా ఉత్తుత్తి 120 కోట్లు. వీడియో కాల్‌లో మాక్ వేలం. రూపాయి కూడా చేతులు మారదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. మాది పరువు కోసం ఆడే ఆట. అయినా సరే, అర్ధరాత్రి దాకా గొడవలే.

ఈ ఆటకి తాత ఎవరో తెలుసా? బేస్‌బాల్. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన ఫ్రెండ్స్ కలిసి మొదలుపెట్టారు. వాళ్లు కలుసుకునే రెస్టారెంట్ పేరు మీద దానికి ‘రోటిసరీ లీగ్’ అని పేరొచ్చింది. నిజమైన ఆటగాళ్లనే ఉత్తుత్తి వేలంలో కొనుక్కోవడం, వాళ్లు నిజం మ్యాచ్‌ల్లో ఎలా ఆడితే మనకి అన్ని పాయింట్లు రావడం. ఈ రకం వేలంలో మామూలుగా ఒక్కో టీమ్‌కి 260 డాలర్లు, కొనాల్సింది 23 మందిని. అమెరికాలో ఉండే మన తెలుగు సాఫ్ట్‌వేర్ అన్నలని అడిగితే ఆఫీసుల్లో ఈ పిచ్చి ఏ రేంజ్‌లో ఉంటుందో చెబుతారు.

ఆటలో ఎత్తుగడలు సరే. మరి పాట మీదే బతికే మనుషులు ఎలా పాడతారు? అది చూద్దామనే డిసెంబర్‌లో బ్యాగ్ సర్దాను. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, పత్తికొండ టమాటా, జొన్నగిరి వజ్రం, చివరికి కడప క్రికెట్. రూటు ఇదీ.

కర్నూలు: ఎప్పుడు అమ్ముతున్నాం అన్నదే సగం రేటు

కర్నూలు మార్కెట్ యార్డుకి పొద్దున్నే వెళ్లాలి. గేటు దగ్గరికి చేరకముందే ఉల్లి ఘాటు ముక్కుకి తగులుతుంది. ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు వరసలో ఉన్నాయి. కోడుమూరు, గోనెగండ్ల, దేవనకొండ వైపు నుంచి రాత్రే బయల్దేరి వచ్చిన రైతులు మూటల మీదే కునుకు తీస్తున్నారు.

ఇక్కడి ఖరీఫ్ ఉల్లికి ఒక ఇబ్బంది ఉంది. వానాకాలం పంట కాబట్టి గడ్డలో తేమ ఎక్కువ, నెలల తరబడి నిల్వ ఉండదు. పీకినాక అమ్మాల్సిందే. అందరూ ఒకేసారి పీకితే యార్డు నిండిపోతుంది, రేటు జారిపోతుంది. 2025 సెప్టెంబర్‌లో సరిగ్గా అదే జరిగింది. ధర పడిపోతే ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకి మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది.

టీ తాగుతూ ఒక పెద్దాయనని అడిగాను, “తాతా, రేటు బాగున్నప్పుడే తేవచ్చు కదా?” అని.

“రేటు చూసుకోని పీకేదానికి అది ఫోన్ రీచార్జా నాయనా? వాన పడితే పీకాల. పీకితే తేవాల. తెస్తే అమ్మాల” అన్నాడు.

మాక్ వేలంలో కూడా ఏ పేరు ఎప్పుడు బయటికి వస్తుందన్నది ముఖ్యం. బేస్‌బాల్ వేలంలో ఒక్కొక్కరు వంతుల వారీగా పేరు చెప్పాలి. తెలివైనవాడు తనకి కావాల్సిన ఆటగాడి పేరు మొదట్లో చెప్పడు. పక్కవాళ్లు మోజుపడే స్టార్ పేరు చెబుతాడు. వాళ్లంతా కొట్టుకుని పర్సులు ఖాళీ చేసుకున్నాక, తనకి కావాల్సినవాడిని నిదానంగా బయటికి తీస్తాడు. అంటే వరస మన చేతిలో ఉంటే సగం గెలిచినట్టే. ఉల్లి రైతుకి లేనిది అదే. అతని వరసని మేఘం నిర్ణయిస్తుంది.

ఆదోని: ముందు లెక్క, తర్వాతే పాట

కర్నూలు నుంచి బస్సులో ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి చేరాను. ‘రెండో బొంబాయి’ అని ఊరికే అనలేదు. పత్తి వ్యాపారం, జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, కన్నడం కలిసిన తెలుగు. రాష్ట్రంలో పత్తికి పెద్ద మార్కెట్ ఇదే. సీజన్‌లో యార్డులో అడుగుపెడితే ఎండలో తెల్లటి కుప్పలు చూసి కళ్లు చికిలించాల్సిందే.

ఇక్కడ అరుపులు వినపడవు. వ్యాపారులు లాట్ లాట్‌కీ తిరుగుతారు. గుప్పెడు పత్తి తీసి పిండి చూస్తారు. తేమ ఎంతుందో చేతికే తెలిసిపోతుంది. కాస్త పింజని రెండు వేళ్ల మధ్య లాగి పొడవు చూస్తారు. తర్వాత మాట్లాడకుండా పక్కకి వెళ్లి ఈ-నామ్‌లో రేటు కొడతారు. 2016 ఏప్రిల్‌లో దేశమంతా మొదలైన ఆన్‌లైన్ మార్కెట్ ఇది. ఎవరు ఎంత వేశారో పక్కవాడికి కనపడదు. టైమ్ అయిపోయాక ఎక్కువ వేసినవాడి పేరు వస్తుంది. రేటు నచ్చకపోతే ఇవ్వనని చెప్పే హక్కు రైతుకి ఉంది.

ఒక జిన్నింగ్ మిల్లు తరఫున కొనే అన్న పక్కన నిలబడ్డాను. “అన్నా, ఎంత వెయ్యాలో ఎట్లా తెలుస్తాది?” అన్నాను.

“ఇక్కడికొచ్చినాక తెలుసుకునేది కాదప్పా. ఇంట్లో బయల్దేరేటప్పుడే తెలుస్తాది” అని లెక్క చెప్పాడు. అంకెలు నావి, పద్ధతి ఆయనది.

క్వింటాలు పత్తి జిన్నింగ్ చేస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయి అనుకుందాం. దూది కిలో 150 చొప్పున 5,100. గింజలు కిలో 35 చొప్పున 2,240. మొత్తం 7,340. మిల్లు ఖర్చు, హమాలీ, లాభం కలిపి ఒక 300 తీసెయ్యండి. మిగిలింది 7,040. అదే ఆయన గీత. ఆ రోజు పక్కవాడు 7,200 వేసినా సరే, ఆయన చెయ్యి కదలదు.

బేస్‌బాల్ ఫాంటసీలో ఆరితేరినవాళ్లు చేసేదీ ఇదే. వేలానికి ముందే ఒక్కో ఆటగాడికి ఒక విలువ రాసుకుంటారు. పాట మొదలయ్యాక కొత్త విలువలు పుట్టించరు. లిస్ట్ లేనివాడు పక్కవాడి మొహం చూసి పాడతాడు.

ఇప్పుడు ఆ 7,040ని ఇంకో అంకె పక్కన పెట్టండి. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 8,110. చూడటానికి ఇది ఐపీఎల్ బేస్ ప్రైస్ లాగే ఉంటుంది. కానీ కాదు. ఐపీఎల్‌లో బేస్ ప్రైస్ కంటే తక్కువకి ఎవరూ పాడలేరు. యార్డులో ప్రైవేటు వ్యాపారి పాడొచ్చు. మద్దతు ధరకి కొనేది సీసీఐ. దానికి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం దాటితే రేటులో కోత, 12 దాటితే కొనరు. యాప్, స్లాట్, తేమ, మూడూ కుదిరిన రైతుకే ఆ బేస్ ప్రైస్ నిజం. కుదరనివాళ్లు ఈ మౌనం వేలంలో నిలబడతారు.

పత్తికొండ: అరుపుల పాటలో గెలుపు ఎంతకి?

ఆదోని నుంచి పత్తికొండ దారి పొడవునా కోతైపోయిన కంది చేలు, ఎర్రనేల, దూరంగా గుట్టల మీద గాలిమరలు. పత్తికొండ అనగానే టమాటా. కిలో రూపాయికి పడిపోయిందని, రోడ్డు మీద పారబోశారని మీరు వార్తల్లో చూసే ఊరు ఇదే.

ఇక్కడి పాట ఆదోనికి పూర్తి రివర్స్. నోరే ఆయుధం. సరుకు ముందు గుంపు, ఒకడు రేటు అరుస్తుంటే ఇంకొకడు పెంచుతాడు. అరనిమిషంలో ఒక రైతు నెలల కష్టం తేలిపోతుంది.

రెండు పాటలకీ తేడా ఏంటంటే... అరుపుల పాటలో మీ గీత బాక్సుకి 500, నాది 400 అనుకోండి. మీరు 500 ఇవ్వక్కర్లేదు. నేను 400 దగ్గర ఆగిపోతాను, మీరు 410కే పట్టుకుపోతారు. అంటే ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, రెండో స్థానంలో ఓడినవాడు. మౌనం పాటలో అలా కాదు. పక్కవాడి గీత కనపడదు కాబట్టి, ఊహించి రాయాలి. ఎక్కువ రాస్తే డబ్బు పోతుంది, తక్కువ రాస్తే సరుకు పోతుంది.

ఐపీఎల్‌లో రెండూ ఉన్నాయి. మామూలుగా అరుపుల పాట. 2010లో మాత్రం ఒక్కో టీమ్‌కి ఏడున్నర లక్షల డాలర్ల పరిమితి ఉండటంతో పొలార్డ్ దగ్గర కొన్ని టీమ్‌లు ఆ గీత తాకాయి. అప్పుడు చీటీ మీద రహస్యంగా అంకె రాసి ఇమ్మన్నారు. ముంబై గెలిచింది.

ఇంకో ట్రిక్ ఉంది. మనకి అక్కర్లేకపోయినా పక్కవాడి పర్సు తగ్గించడానికి పాట పెంచడం. మా బ్యాచ్‌లో దీన్ని ‘మంట పెట్టడం’ అంటాం. 2025 నవంబర్ 27న ఢిల్లీలో డబ్ల్యూపీఎల్ వేలం జరిగింది కదా. దీప్తి శర్మకి 50 లక్షల బేస్ దగ్గర ఢిల్లీ తప్ప ఎవరూ చెయ్యెత్తలేదు. యూపీ ఆర్టీఎం కార్డు తీసింది. రూల్ ప్రకారం ఢిల్లీకి ఒక్క చివరి అంకె చెప్పే ఛాన్స్ వచ్చింది. ఏకంగా 3.2 కోట్లు అంది. యూపీ సరే అనక తప్పలేదు. ఢిల్లీకి ఆటగాడు దక్కలేదు గానీ, పక్కవాడి పర్సులో 2.7 కోట్లు అదనంగా కరిగాయి.

కానీ ఈ మంట చేతికీ అంటుకోగలదు. పక్కవాడు ఠక్కున ఆగిపోతే, అక్కర్లేని సరుకు మన నెత్తినే పడుతుంది. నిజంగా దక్కినా బాధపడనంత వరకే పెంచాలి.

జొన్నగిరి: గెలిచినవాడి నష్టం

పత్తికొండ నుంచి గుత్తి వెళ్లే రోడ్డు మీద ఎర్రగుడి దగ్గర దిగండి. అశోకుడి శాసనాలు చెక్కిన బండలు ఉన్నాయి. ఇరవై రెండు శతాబ్దాలకు పైగా ఎండకీ వానకీ తట్టుకుని నిలబడ్డ అక్షరాలు. ఇక్కడికి దగ్గర్లోని జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు అంటారు.

జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జూన్‌లో తొలకరి పడగానే జనం దిగుతారు. వాన కడిగిన ఎర్రమట్టిలో మెరిసే రాయి కోసం వంగి వెతుకుతారు. పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి, చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకుంటారు. నేను వెళ్లింది డిసెంబర్ కాబట్టి చేలు ఖాళీగా ఉన్నాయి. టీ కొట్టు దగ్గర కథలు మాత్రం బోలెడు.

రాయి దొరికితే వ్యాపారుల దగ్గరికి పోతారు. కొన్నిసార్లు ఒక్కడే బేరం చేస్తాడు. కొన్నిసార్లు నలుగురైదుగురు చేరి టెండర్ లాగా రేట్లు వేస్తారు. నగదుతో పాటు కొన్ని తులాల బంగారం ఇవ్వడం కూడా ఇక్కడి వాడుక.

ఈ పాట అన్నిటికంటే కష్టం. పచ్చి రాయి లోపల ఏముందో కోసి సాన పట్టాకే తెలుస్తుంది. ఐదుగురు వ్యాపారులు రాయిని చూసి 4, 5, 6, 7, 8 లక్షలు అనుకున్నారనుకోండి. నిజం విలువ మధ్యలో, 6 లక్షలు. గెలిచేదెవరు? 8 అన్నవాడు. అంటే అందరికంటే ఎక్కువ పొరబడినవాడే గెలుస్తాడు, రెండు లక్షలు పోగొట్టుకుంటాడు. 1971లో అమెరికాలో చమురు బావుల వేలాలు చూసిన ముగ్గురు పెట్రోలియం ఇంజినీర్లు ఈ చిక్కు గురించి రాశారు. ‘గెలిచినవాడి శాపం’ అని దానికి పేరు. వేలాల సిద్ధాంతం మీద పనిచేసిన మిల్‌గ్రమ్, విల్సన్‌లకి 2020లో నోబెల్ వచ్చింది.

విరుగుడు సింపుల్. మీ అంచనా ఎంతైనా, దాని కంటే కాస్త తక్కువే పాడాలి. పోటీదారులు పెరిగేకొద్దీ ఇంకా జాగ్రత్తపడాలి. 2024 నవంబర్‌లో జెడ్డా వేలంలో పంత్‌కి లక్నో 27 కోట్లు పెట్టింది. 120 కోట్ల పర్సులో దాదాపు నాలుగో వంతు. ఆ సీజన్‌లో ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కి చేరలేదు. 2008లో మన డెక్కన్ చార్జర్స్ కథా అంతే. పర్సు పెరుగుతుందని లక్ష్మణ్ తన ఐకాన్ హోదా వదులుకున్నాడు. టీమ్ సైమండ్స్‌కి 13.5 లక్షల డాలర్లు పెట్టింది. ఆ ఏడాది ఆఖరి స్థానం. మరుసటి ఏడాది అదే టీమ్ కప్పు కొట్టింది, అది వేరే సంగతి.

అయితే జొన్నగిరిలో అసలు రిస్క్ వ్యాపారిది మాత్రమే కాదు. రాయి దొరికిన కూలీ మనిషికి దాని విలువ అసలే తెలీదు. కొనేవాళ్లు ముందే కూడబలుక్కుంటే ఐదుగురు ఉన్నా ఒక్కడు ఉన్నట్టే. పాటలో అమ్మేవాడిని కాపాడేది ఒక్కటే, ఒకరినొకరు నమ్మని ఇద్దరు కొనుగోలుదార్లు.

గుత్తి నుంచి కడప: ఓపికకి రేటు

గుత్తిలో రైలెక్కాను. తాడిపత్రి దాటాక నాపరాళ్ల దొంతరలు, ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంట్ పొగ గొట్టాలు, ఎర్రగుంట్ల సిమెంటు ధూళి. బోగీలో కాలేజీ కుర్రాళ్ల నోట ఒకటే పేరు, శ్రీచరణి.

ఎర్రగుంట్లకి దగ్గర్లోని వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి. 2024 డిసెంబర్‌లో బెంగళూరు వేలంలో బేస్ ప్రైస్ 10 లక్షలు. అప్పటికి దేశానికి ఆడలేదు. ఢిల్లీ 55 లక్షలు పెట్టింది. ఆ సీజన్‌లో ఆడించింది రెండే మ్యాచ్‌లు. ఏడాది తిరగకుండానే వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు, 2025 నవంబర్ 2న కప్పు. తర్వాత నవంబర్ 27 వేలంలో అదే ఢిల్లీ 1.3 కోట్లు పెట్టి మళ్లీ తెచ్చుకుంది.

“మన కడప పిల్లకి ఇంకా ఎక్కువ రావాల్సిండె అన్నా” అన్నాడు కిటికీ పక్క కుర్రాడు. అభిమానం అలాగే మాట్లాడుతుంది. పాటదారు మాత్రం ఇంకోటి చూడాలి. పేరు మోగాక కొనేది ఎవరైనా చేస్తారు. పేరు లేనప్పుడు చూసి, గీత గీసుకుని, పర్సులో అంత మిగుల్చుకుని కూర్చోవడమే పని. తిలక్ వర్మని 2022లో ముంబై 1.7 కోట్లకే పట్టుకుంది. బేస్‌బాల్ వేలాల్లో ‘ఇద్దరు పెద్ద హీరోలు, మిగతా అంతా జూనియర్ ఆర్టిస్టులు’ అనే ఎత్తుగడ ఒకటుంది. అది గెలవాలన్నా ఆఖర్లో చవగ్గా దొరికే ఇద్దరు ముగ్గురిని సరిగ్గా పట్టాలి. దానికి చివరి దాకా చేతిలో చిల్లర ఉండాలి.

ప్రతి ఎంపికా ఇలా పండదు. రాయచోటి ప్రాంతం పేసర్ హరిశంకర్ రెడ్డిని 2021లో చెన్నై 20 లక్షలకి తీసుకుంది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. కానీ ఇప్పుడు మన కుర్రాళ్లకి మెట్లు పెరిగాయి. ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో 2025లో ఏడు టీమ్‌లుంటే, రాయల్స్ ఆఫ్ రాయలసీమ, తుంగభద్ర వారియర్స్ రెండూ మన సీమ పేర్లే.

రైలు దిగేసరికి నాకు ఒక తేడా గట్టిగా అర్థమైంది. ఐపీఎల్‌లో ఆటగాడు తన బేస్ ప్రైస్ తానే ఎంచుకుంటాడు. అమ్ముడు పోకపోతే బాధే, కానీ వచ్చే ఏడాది మళ్లీ రావచ్చు. టమాటాకి వచ్చే ఏడాది లేదు. తెచ్చిన ఆటోకి బాడుగ, దించినందుకు కూలి, తిరిగి తీసుకెళ్తే ఇంకో బాడుగ. ఈ-నామ్ ఇచ్చిన ‘ఇవ్వను’ అనే హక్కు వాడాలంటే సరుకు పెట్టుకునే చోటు, ఇంటికి నాలుగు డబ్బులు ఉండాలి. సరుకు గోదాములో పెట్టి దాని మీద అప్పు తీసుకునే రైతుబంధు పథకం మార్కెట్ కమిటీల్లో ఉన్నది అందుకే. ఆగగలిగే పంటకి అది ఊపిరి. ఉల్లికి, టమాటాకి గోదాము కాదు, చల్లని గది కావాలి.

మీరూ వెళ్లాలంటే

పత్తి చూడాలంటే అక్టోబర్ తర్వాత ఆదోని. వజ్రాల వేట చూడాలంటే జూన్ తొలి వానలకి జొన్నగిరి. అవి రైతుల సొంత చేలని మర్చిపోవద్దు, అడిగి దిగండి. ఆదోని, గుత్తి, ఎర్రగుంట్ల, కడప నాలుగూ ముంబై-చెన్నై రైలు మార్గంలోనే ఉన్నాయి. యార్డులో ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి. లాట్ మీద కాలు పెట్టొద్దు. రీల్ తీసుకున్నాక, ఆ లాట్ రైతుని ఎంతకి పోయిందో, తనకి ఎంతొస్తే గిట్టుబాటో అడిగి చూడండి. ఆ రెండో అంకె ఈ-నామ్ స్క్రీన్ మీద కనపడదు. ప్రతి రైతుకీ మాత్రం నోటికి తెలుసు.